దాచవలసినవి, చూపవలసినవి

కొవ్వూరు చుట్టుపక్కల చాలా సంఘాల్లో ఇప్పుడు పాస్టరుగారి బైబిలు ఎదురుగానే ఫోను స్టాండు ఉంటోంది. ఆదివారం ఆరాధన యూట్యూబ్‌లో లైవ్ వెళ్తుంది. ప్రార్థన మనవులు వాట్సాప్‌లో తిరుగుతాయి. కానుకల పెట్టె మీద క్యూఆర్ కోడ్ అంటించి ఉంటుంది. 2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చి, ఈస్టరు పండుగను కూడా ఇళ్లలోనే చేసుకోవలసి వచ్చినప్పుడు ఈ అలవాటు బలపడింది. జూన్‌లో మందిరాల తలుపులు తెరుచుకున్నా ఫోను స్టాండు మాత్రం అక్కడే ఉండిపోయింది. దానివల్ల మేలు ఎంతో ఉంది. కువైట్‌లో ఇంటిపని చేసుకుంటున్న కూతురు, సెలవు దొరక్క రాలేకపోయినా, తల్లి భూస్థాపన కూడికను చూడగలుగుతోంది. మంచం దిగలేని ముసలమ్మ చెవికి ఆదివారం పాట వినబడుతోంది. ఈ మేలును ఎవరూ కాదనరు.

అయినా మనల్ని మనం ఒక మాట అడగాలి. లోకానికి మనం ఏం చూపిస్తున్నాం, ఏం దాస్తున్నాం? నిజం చెప్పుకుంటే, దాచవలసినది చూపిస్తున్నాం, చూపవలసినది దాస్తున్నాం.

ప్రార్థన మనవినే తీసుకోండి. ఫలానా చెల్లికి గడ్డ తేలింది, ఫలానా తమ్ముడు తాగుడు మానాలి, ఫలానా ఇంట్లో భార్యాభర్తలు విడిగా ఉంటున్నారు అంటూ పేర్లతో సహా పెడుతున్నాం. ఒక వాట్సాప్ గ్రూపులో 1,024 మంది దాకా చేరవచ్చు. ఆ చెల్లి గోదావరి బ్రిడ్జి దాటి రాజమండ్రి ఆస్పత్రికి చేరేలోపే ఆమె రోగం పేరు పొరుగు ఊళ్లకు చేరిపోతుంది. పెళ్లి కావలసిన పిల్లయితే సంబంధం మాట్లాడేవాళ్ల చెవిన కూడా పడుతుంది. మార్కు సువార్త మొదటి అధ్యాయంలో కుష్ఠరోగిని బాగుచేసిన యేసు, ఎవరికీ చెప్పొద్దని గట్టిగా హెచ్చరించి పంపాడు. అయిదో అధ్యాయంలో యాయీరు కూతురిని లేపేముందు గుమిగూడినవాళ్లందరినీ బయటికి పంపి, తల్లిదండ్రులనూ తన వెంట ఉన్న ముగ్గురు శిష్యులనూ మాత్రమే లోపలికి రానిచ్చాడు. ఆ గదిలోకి మనం కెమెరా తీసుకెళ్తున్నాం. దేవునికి పేరు చెప్పాలంటే గ్రూపులో పెట్టనక్కర్లేదు. ‘ఒక సహోదరి ఆరోగ్యం కోసం’ అంటే చాలు.

బాప్తిస్మం సంగతి ఇంకా బరువైనది. గోదావరిలోనో, విజ్జేశ్వరం దగ్గర మొదలయ్యే పశ్చిమ డెల్టా కాలువలోనో బాప్తిస్మం ఇస్తాం. తడి బట్టలతో ఇంకా గట్టెక్కకముందే ఫొటో ఫేస్‌బుక్‌లో ఉంటుంది. ఆ మనిషి ఎవరు? మన సంఘాల్లో ఎక్కువమంది దళితులు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందూ, సిక్కు, బౌద్ధ మతాలవారికి తప్ప ఎస్సీ హోదా లేదు. క్రైస్తవం స్వీకరించిన దళితులకు ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం రక్షణ వర్తించదని 2025లో మన రాష్ట్ర హైకోర్టు కూడా చెప్పింది. మతం మారినంత మాత్రాన మాలపల్లె, మాదిగపల్లె ఊరి మధ్యకు జరగవు. ఆ ఉత్తర్వు న్యాయమా, సర్టిఫికెట్టులో ఒక మతం, మందిరంలో ఒక మతంగా బతకడం సరైనదా అన్నది వేరే చర్చ. దాన్ని ధైర్యంగానే చేద్దాం. కానీ తన విశ్వాసాన్ని ఎప్పుడు, ఎవరి ముందు, ఎంత మూల్యం చెల్లించి ప్రకటించాలో తేల్చుకోవలసింది నీళ్లలో దిగిన మనిషే. గట్టున ఫోను పట్టుకున్న కుర్రవాడు కాదు.

ఇక బీదల ముఖాలు. బియ్యం మూట అందుకుంటున్న విధవరాలు, దుప్పటి కప్పించుకుంటున్న ముసలాయన, హాస్టలు పిల్లలు వరసగా నిలబడితే పైన బ్యానరు, కింద బ్యాంకు ఖాతా నంబరు. 1836లో మిషనరీ గ్రోవ్స్ వెంట ఇంగ్లండు నుంచి వచ్చి, గోదావరి డెల్టా మిషన్‌కు పునాది వేసిన తాపీపనివాడు విలియం బౌడెన్, చెప్పులు కుట్టే జార్జ్ బీర్ కూడా ఇక్కడి సంగతులు స్వదేశానికి రాసేవారు. ఆ ఉత్తరాలు ఓడలెక్కి నెలల తరబడి ప్రయాణించేవి. వాటిలో ఏముందో వారు పనిచేసిన నరసాపురం వీధిలో ఎవరికీ తెలిసేది కాదు. ఇవాళ ఆ ముసలాయన ఫొటో అమెరికాలో దాత చూసే నిమిషంలోనే అతని మనవడి క్లాసు పిల్లలూ చూస్తారు. బడిలో ఆ పిల్లవాడు పడే సిగ్గును మనం ఏ ఖాతాలో రాస్తున్నాం? 2023లో పార్లమెంటు చేసిన డిజిటల్ వ్యక్తిగత సమాచార పరిరక్షణ చట్టం కూడా సమ్మతి గురించే మాట్లాడుతుంది, పిల్లల విషయంలో తల్లిదండ్రుల అనుమతి కావాలంటుంది. బియ్యం మూట చేతిలో పెడుతూ ‘ఫొటో తీసుకోమంటావా అమ్మా’ అని అడిగితే ఆమె కాదనగలదా? అది సమ్మతి కాదు.

ఇంత బాహాటంగా ఉన్న మనం లెక్కల దగ్గరికి వచ్చేసరికి మౌనం పాటిస్తున్నాం. కానుకల క్యూఆర్ కోడ్ స్కాన్ చేయగానే తెరమీద వచ్చే పేరు సంఘానిదా, ఒక మనిషిదా? మందిరం స్థలం ఎవరి పేరున రిజిస్టరై ఉంది? నిరుడు ఎంత వచ్చింది, ఎంత ఖర్చయింది? విదేశీ విరాళాలు తీసుకునే సంస్థలు మూడు నెలలకోసారి రాబడి వివరాలు వెబ్‌సైటులో పెట్టాలన్న నిబంధనను కేంద్రం 2022 జులైలో తీసేసింది. ఏడాది లెక్క పెడితే చట్టానికి సరిపోతుంది. మనస్సాక్షికి సరిపోతుందా? వారమంతా వరి నాట్లు వేసి, ఆ కూలిలో దశమభాగం తెచ్చి ఇచ్చే ఆడమనిషికి తన రూపాయి ఎటు పోయిందో తెలుసుకునే హక్కు ఏ నిబంధన వల్లా రాలేదు, ఏ సవరణ వల్లా పోదు. ఆమెకు ఫోను లేకపోతే అదే లెక్క మందిరం గోడమీద అంటించాలి.

పెద్దలారా, ట్రెజరర్లారా, కెమెరా పట్టుకునే యౌవనస్థులారా, ఇందుకు కొత్త యాప్ అక్కర్లేదు. రోగి పేరు, పిల్లల ముఖం, బాప్తిస్మం ఫొటో వాళ్లు కోరితే తప్ప బయటికి పోకూడదు. సాయం అందుకునేవారి ఫొటో అసలే వద్దు, బియ్యం మూటలు ఎన్ని పంచామో రాస్తే చాలు. కానుకలు సంఘం ఖాతాలోకే రావాలి, లెక్క ప్రతి నెలా బయటికి రావాలి. వచ్చే కమిటీ కూటంలో దీన్ని తీర్మానంగా పెట్టండి. కమిటీ పెట్టనంటే, ఎందుకు పెట్టదో సంఘమంతా వినేలా నిలబడి అడగండి.