కుక్కరు కొత్తది, మచ్చ పాతది

మా గది మిత్రుడి చేతిమీద కాలిన మచ్చ ఇంకా పోలేదు. కొని నెల తిరక్కుండానే ప్రెషర్ కుక్కరు పేలింది. "తలరాత" అన్నారు పెద్దలు. కొట్టాయన ఎంతో మర్యాదగా పాతది తీసుకొని కొత్తది చేతిలో పెట్టాడు. మేమూ సంబరపడ్డాం. మాలో ఒకడు వినియోగదారుల చట్టం మీద వ్యాసం రాసి మార్కులు తెచ్చుకొన్నవాడే సుమా!

2020 జూలైలో అమలులోకి వచ్చిన 2019 నాటి చట్టం, వస్తువులోని లోపంవల్ల మనిషికి దెబ్బ తగిలితే తయారుచేసినవాడే నష్టపరిహారం ఇచ్చుకోవాలంటుంది. నిర్మాణంలో లోపమే కానక్కరలేదు. వాడకం గురించి సరైన హెచ్చరిక లేకపోయినా లోపమే. రెండేళ్లలోపు జిల్లా కమిషన్‌లో ఫిర్యాదు చెయ్యాలి. అయిదు లక్షలలోపు సరుకైతే రుసుము లేదు. వకీలు లేకుండా మనమే వాదించుకోవచ్చు.

ఇంత వెసులుబాటు ఉన్నా ఒక చిక్కుంది. లోపం ఉన్నదని చూపించవలసింది దెబ్బ తిన్నవాడే. పగిలిన మూత, వాల్వు, రసీదు, ఆసుపత్రి చీటీ - ఇవే మన సాక్షులు. కుక్కరు ఖరీదు వేరు, కాలిన చేతి ఖరీదు వేరు అన్న ఇంగితం లేక మేం ముఖ్య సాక్షిని చేతులారా కొట్టాయనకు అప్పగించి వచ్చాం. రసీదు ఏ చొక్కా జేబులో నానిపోయిందో!

కొత్త కుక్కర్లో అన్నం మాత్రం బాగానే ఉడుకుతోంది. మావాడు దాని దగ్గరకు పోడు.