గ్రీస్ దాకా ఎందుకు, చర్ల దాకా పోయొద్దాం

పోస్టు కొంచెం పొడుగైంది, ఓపికతో చదవండి.

మొన్న ఒక అన్న మన గ్రూపుల ఒక ప్రకటన పెట్టిండు. గ్రీస్‌లో శరణార్థుల సహాయ కేంద్రంలో రెండు వారాలు వాలంటీర్‌గా చేయొచ్చు, దేశం చూసినట్టూ అయితదని. సముద్రం మీద పడవల్లో వచ్చిన సిరియా వాళ్ల కష్టం చిన్నది కాదు. పోయి చేసేటోళ్లను నేను తప్పు పట్టను. కానీ పెన్‌పహాడ్ మండలంల మా తండా నుంచి ఆ విమానం టికెట్ పైసలు ఎట్లొస్తయో లెక్కేసుకుంటే నవ్వొచ్చింది. అప్పుడే సంక్రాంతి సెలవులు యాదికొచ్చినయి.

ఆ సెలవుల్లో నా రూమ్మేట్ ఊరికి పోయిన. చర్ల మండలం, వాడు కోయ. వాళ్ల ఊరవతల అడవిలో ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చినోళ్ల గూడెం ఉంది. 2005లో బస్తర్‌లో సల్వాజుడుం మొదలైనంక, అటు వాళ్లు ఇటు మావోయిస్టులు, నడుమ ఊర్లకు ఊర్లు ఖాళీ అయినయి. చాలామంది అడవి దాటి అప్పటి ఖమ్మం, వరంగల్ జిల్లాలకు వచ్చిన్రు. 2011లో సుప్రీంకోర్టు సల్వాజుడుంను తప్పుపట్టింది గానీ, వచ్చినోళ్లు ఎంతోమంది తిరిగి పోలేదు. మనం గుత్తికోయలు అంటం, వాళ్లు మురియాలు. సొంత దేశంలోనే ఉన్నరు కాబట్టి కాగితం మీద శరణార్థులు కూడా కారు.

మేం చేసిన పని పెద్దదేం కాదు. నాలుగో తరగతి చదివే ఒక పాపకు గురుకులం ఐదో తరగతి ప్రవేశ పరీక్షకు ఫోన్‌లోనే అప్లికేషన్ నింపినం. పేరు, ఆధార్, బడి అన్నీ అయినయి. కులం కాడ ఆగిపోయిన. సరిహద్దు అవతల బీజాపూర్‌లో ఎస్టీ, ఇవతల మన దగ్గర కాదు. "ఏం పెట్టాలె?" అని రూమ్మేట్‌ను అడిగితే వాడు వాళ్ల నాయన దిక్కు చూసిండు. ఆయనకు తెలుగు రాదు. మా ఇద్దరి మొఖాలు చూసి ఏదో తప్పు చేసినట్టు తల దించుకున్నడు.

ఆ సంగతి హాస్టల్‌ల చెప్తే ఒకడన్నడు: "వాళ్లకు ఎస్టీ ఇస్తే మన సీట్లు పోతయి." అబద్ధమెందుకు, ఆ భయం నాకూ ఉంది. మా ఇంట్ల కాలేజీ మెట్లెక్కింది నేనే మొదలు, అదీ రిజర్వేషన్‌తోనే. కానీ 1976 చట్టం వచ్చేదాకా తెలంగాణ లంబాడీలం మేమూ ఎస్టీలం కాదు. ఆంధ్ర దిక్కు మా వాళ్లు ఎస్టీ, ఇటు మేం కాదు. ఇప్పటికీ మావాళ్లు కర్ణాటకల ఎస్సీ, మహారాష్ట్రల విముక్త జాతి. (లంబాడీ, ఆదివాసీ గొడవ మళ్ల లేపుతున్న అనుకోకండి.) హద్దు దాటితే మనిషి మారడని తెల్వడానికి మాకు మా తాతలే చాలు.

పోడు సంగతీ అంతే. అటవీ హక్కుల చట్టం గడువు తేదీ 2005 డిసెంబర్ 13. ఆ తర్వాత వచ్చినోళ్లకు పట్టా లేదు, మొక్కలు నాటేటందుకు ఆ భూమినే అడుగుతరు. భూమి గొడవ మన చేతుల లేదు. పిల్లల సర్టిఫికెట్ సంగతైనా మన విద్యార్థి సంఘాల డిమాండ్లల్ల ఒక లైన్‌గా రాయాలె. సీట్లు తగ్గుతయని భయముంటే సీట్లు పెంచుమని కూడా అదే కాగితంల రాద్దాం.

బట్టలు పంచి ఫొటో దిగుడుకైతే రావొద్దు. దసరా సెలవులకు మేమిద్దరం మళ్ల పోతున్నం. సూర్యాపేట, ఖమ్మం, కొత్తగూడెం మీదుగ బస్సు. కోయ మాట్లాడేటోళ్లు, మీసేవ పని తెలిసినోళ్లు ఇద్దరు ముగ్గురు కావాలె. అప్పుడు ఆ పాప అప్లికేషన్‌ల ఏం పెట్టినమో బస్సులనే చెప్త.