జనరల్ గారి పిల్లలు

1775 జూన్ 17న బోస్టన్ ఎదుటి చార్లెస్‌టౌన్ గుట్ట మీదికి ఓ డాక్టరు తుపాకీ పట్టుకుని వచ్చాడు. పేరు జోసెఫ్ వారెన్, వయసు 34. మూడు రోజుల కిందటే మసాచుసెట్స్ ప్రాదేశిక కాంగ్రెస్ ఆయన్ను మిలీషియా మేజర్ జనరల్‌గా ఎన్నుకుంది. ఆ కాంగ్రెస్ అధ్యక్షుడూ ఆయనే. నాయకత్వం తీసుకొమ్మని అక్కడి అధికారులు పుట్నం, ప్రెస్కాట్ అడిగినా ఒప్పుకోలేదు. నియామక పత్రం ఇంకా చేతికి రాలేదు. పైగా యుద్ధం తెలిసినవాళ్లు వాళ్లే. మామూలు వలంటీరులా మట్టికోటలోకి దిగాడు. సాయంత్రానికి ప్రాణాలతో లేడు.

హార్వర్డ్‌లో చదివిన వారెన్ బోస్టన్‌లో పేరున్న వైద్యుడు. తర్వాతి కాలంలో దేశాధ్యక్షుడైన జాన్ క్విన్సీ ఆడమ్స్ చిన్నప్పుడు వేలు విరగ్గొట్టుకుంటే, దాన్ని తీసేయకుండా నిలబెట్టింది ఆయనే. మన ఉత్తర సర్కారులను అప్పటికే చేజిక్కించుకున్న ఈస్టిండియా కంపెనీ తేయాకును 1773లో బోస్టన్ రేవులో పారబోశారు. మరుసటి ఏడు బ్రిటన్ రేవు మూసేస్తే, ఆ చట్టాలను పాటించనక్కర్లేదంటూ సఫోక్ తీర్మానాలు రాసింది వారెన్. బ్రిటిష్ సేనలు కదులుతున్నాయని చాటడానికి 1775 ఏప్రిల్ 18 రాత్రి పాల్ రివీర్‌ను పంపిందీ ఆయనే.

బంకర్ హిల్ యుద్ధంగా పేరుపడ్డ ఆ పోరులో బ్రిటిష్‌వారు నెగ్గారు. కానీ వెయ్యిమందికి పైగా చనిపోయారు లేదా గాయపడ్డారు. వారెన్ శవాన్ని అక్కడే పూడ్చేశారు. 1776లో వాళ్లు బోస్టన్ వదిలాక తవ్వి తీస్తే, తాను కట్టిన పెట్టుడు పన్నును బట్టి రివీర్ గుర్తుపట్టాడు.

అసలు కథ ఆ తర్వాతిది. భార్య 1773లోనే పోయింది. నలుగురు పిల్లలు అనాథలయ్యారు. 1777లో కాంటినెంటల్ కాంగ్రెస్ వారెన్‌కు స్మారకం కట్టాలనీ, పెద్దకొడుకును చదివించాలనీ తీర్మానించింది. మిగతా ముగ్గురి ఊసెత్తలేదు. 1778లో వాళ్ల పోషణకు సొంత జేబులోంచి 500 డాలర్లు పంపి, కాంగ్రెస్ వెంటపడ్డవాడు ఒక సైన్యాధికారి. చివరికి 1780 జులైలో, ఆఖరి బిడ్డ పెద్దయ్యేదాకా మేజర్ జనరల్ జీతంలో సగం ఇవ్వడానికి కాంగ్రెస్ ఒప్పుకుంది.

ఆ అధికారి పేరు బెనెడిక్ట్ ఆర్నాల్డ్. అదే ఏడాది సెప్టెంబర్‌లో వెస్ట్ పాయింట్ కోటను బ్రిటిష్‌వారికి అప్పగించబోయి బయటపడ్డాడు. అమెరికాలో ఇప్పటికీ ద్రోహికి మారుపేరు అదే. వీరుడి పేరు ఎన్నో ఊళ్లకు పెట్టుకున్నారు. ఆయన పిల్లల ఆకలి ముందుగా పట్టింది మాత్రం ద్రోహికే.