చీటీ తీసి వాదించుట, నమ్మి వాదించుట

సికింద్రాబాదు నుండి కరీంనగరము పోవు రాజీవ్ రహదారి మీద, హకీంపేట వైమానిక స్థావరపు ప్రహరీగోడను, తూంకుంట అంగళ్ళను దాటి శామీర్‌పేట చెరువు దిక్కునకు సాగువానికి, ఈ దేశము తన విద్యాప్రతిభకు తార్కాణముగా పైవారికి చూపుకొను సంస్థలు కొద్ది క్రోసుల వ్యవధిలోనే వరుసగా ఎదురగును. 1998 నాటి చట్టముతో పుట్టిన నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయము ఒకటి. 2008లో జవహర్‌నగరు గుట్టలలో వెలసిన బిట్స్ పిలానీ హైదరాబాదు ప్రాంగణము మరియొకటి. తుర్కపల్లి వైపు టీకాలు తయారగు జీనోమ్ వ్యాలీ వేరొకటి. వలయ రహదారి నెక్కి పడమటికి మళ్ళినచో మేడ్చల్, కండ్లకోయ, మైసమ్మగూడల ఇంజనీరింగు కళాశాలలు, తెల్లవారగనే నగరము నలుమూలల నుండి పిల్లలను మోసికొనివచ్చు వాటి బస్సులు, మెడలో గుర్తింపు కార్డులతో ఆ బస్సులు దిగు వేలకొలది యువతీయువకులు. గాజాను గూర్చి యేమనుకొనుచున్నావని వీరిలో ఎవరినైనను ఒంటరిగా అడిగినచో జవాబు చెప్పనివారుండరు. ఆ జవాబునే నలుగురిలో నిలిచి మరల చెప్పుమనినచో చెప్పువారు అరుదు. ఇందుకు కారణము పిల్లల ఉదాసీనత యని పెద్దలు సులువుగా తేల్చివేయుదురు. నేనట్లు తలపను.

న్యాయవిద్యాలయములలో మూట్ కోర్టు అను అభ్యాసము కలదు. జెస్సప్ పేర జరుగు ప్రపంచప్రసిద్ధమైన పోటీలో, హేగు నగరమందలి అంతర్జాతీయ న్యాయస్థానము ఎదుట రెండు కల్పిత రాజ్యములు వ్యాజ్యమాడుచున్నట్లు భావించి, ప్రతి జట్టును వాదిపక్షమున ఒకటి, ప్రతివాదిపక్షమున ఒకటి, రెండు వాదపత్రములను సిద్ధపరుపవలెను; ఒక రౌండులో ఆక్రమణ అన్యాయమని నిరూపించిన జట్టే మరు రౌండులో ఆత్మరక్షణ హక్కును అంతటి పట్టుదలతో నిలువబెట్టవలెను. నల్లకోటు సరిచూచుకొని లేచిన అమ్మాయి మాట ఆరంభించును. మూల కూర్చున్న సమయపాలకుడు ‘5 నిమిషాలు’, ‘2 నిమిషాలు’ అని వ్రాసిన అట్టముక్కలను వరుసగా పైకెత్తును. న్యాయమూర్తి స్థానమందున్న పెద్దమనిషి నడుమనే ప్రశ్న వేసి ఆమె వాక్యమును త్రుంచివేయును. ఆమె తడబడక, వ్రేలితో పుటను పట్టుకొని, ప్రశ్నకు జవాబిచ్చి, విడిచిన చోటనే మాటను మరల అందుకొనును. చూడ ముచ్చటయైన విద్య. ఇంజనీరింగు కళాశాలల వక్తృత్వ సంఘములలోను ఇట్టిదే మరియొక పద్ధతి యున్నది: వాదవిషయమును పదునైదు నిమిషములు ముందుగా ప్రకటింతురు, ఎవరిది ఏ పక్షమో చీటీ నిర్ణయించును. పాలస్తీనా రాజ్యమును గుర్తింపవలెనా వలదా అన్న విషయము ఆ చీటీలో వచ్చినచో, ఎవరును ముందుగా అనుమతిపత్రము అడుగరు, ఎవరును పోలీసు ఠాణాకు పోరు, గెలిచినవారికి కప్పు ఇచ్చి ఫొటో దింపుదురు.

ఆ విద్యార్థియే ఆ సాయంకాలము క్యాంటీను మెట్ల మీద పదిమందితో కూర్చుండి, ఒక అట్ట చేతబట్టి, అవే మాటలను తన సొంత విశ్వాసముగా పలికెననుకొనుడు. అప్పుడు భద్రతాధికారి వచ్చును, రిజిస్ట్రారు కార్యాలయము నుండి తాఖీదు వచ్చును, ఊరిలోనున్న తండ్రికి ఫోను పోవును. మాట మారలేదు, మాట వెనుక మనిషి వచ్చి నిలిచినాడు, అంతే. నమ్మకయే వాదించువానికి బహుమానమును, నమ్మి వాదించువానికి నోటీసును ఇచ్చు ఈ విచిత్ర వ్యవస్థయే మన ప్రాంగణములలోని అసలు జబ్బు అని నా అభిప్రాయము.

ఇది ఊహించి చెప్పుచున్నది కాదు. 2023 నవంబరులో బొంబాయి ఐఐటీలో, పాఠ్యక్రమములోని ఒక తరగతిలోనే, పాలస్తీనాలోని జెనీను శరణార్థి శిబిరపు నాటకశాలను గూర్చిన ‘ఆర్నాస్ చిల్డ్రన్’ అను డాక్యుమెంటరీని చూపి, రంగస్థల కళాకారుడు సుధన్వ దేశ్‌పాండేచే ప్రసంగింపజేసినందుకు, అధ్యాపకురాలి మీదను అతిథి మీదను పోలీసులకు ఫిర్యాదు పోయినది. ఆ నెలలోనే హర్యానాలోని జిందల్ విశ్వవిద్యాలయములో పాలస్తీనా చరిత్రపై ఉపన్యసించిన ఆచిన్ వనాయక్ అను రాజనీతి పండితుని, విచారము వెలిబుచ్చుమని అధికారులు కోరిరి. మన నగరములోనే, తార్నాక దగ్గరి ఇంగ్లీషు, విదేశీ భాషల విశ్వవిద్యాలయములో, 2025 అక్టోబరున పాలస్తీనా సంఘీభావ కార్యక్రమము మీద రెండు వర్గముల విద్యార్థులు కలియబడగా, పోలీసులు వచ్చిరి, కేసులు నమోదైనవి. తార్నాక నుండి శామీర్‌పేట ఎంత దూరము?

ఇచ్చట ఒక ఆక్షేపణ తప్పక వినవచ్చును. ఎక్కడి గాజా, ఎక్కడి మేడ్చల్, ఊళ్ళో పెళ్ళికి కుక్కల హడావిడి యన్నట్లు మన పిల్లలకీ పరదేశపు రచ్చ యేల అని. ఈ మాట అనువారు తమ జిల్లాల చరిత్రనైనను తిరుగవేసినట్లు తోపదు. 1918లో పాలస్తీనా గడ్డ మీద టర్కీ సైన్యముతో పోరాడిన పదునైదవ ఇంపీరియల్ సర్వీసు అశ్వదళములో జోధ్‌పూరు, మైసూరు లాన్సర్లతోబాటు నైజాము పంపిన హైదరాబాదు లాన్సర్లును ఉండిరి. ఢిల్లీ తీన్‌మూర్తి కూడలిలో నిలిచిన మూడు కంచు విగ్రహములలో ఒకటి వారిదే. 1947లో ఐక్యరాజ్యసమితి పాలస్తీనాను రెండుగా చీల్చు తీర్మానము చేసినప్పుడు, తన విభజన గాయము ఇంకను రక్తమోడుచుండగనే, భారతదేశము దానికి వ్యతిరేకముగా ఓటు వేసినది. 1950లో ఇజ్రాయెలును గుర్తించినది, 1988లో పాలస్తీనా రాజ్యమును గుర్తించినది, 1992లో ఇజ్రాయెలుతో సంపూర్ణ దౌత్యసంబంధములు నెలకొల్పినది. గుంటూరు జిల్లా చేబ్రోలు చెంతనున్న కొత్తారెడ్డిపాలెములో, తాము యూదులమని చెప్పుకొను బెనె ఎఫ్రాయిము కుటుంబములు చిన్న ప్రార్థనామందిరమును కట్టుకొని, సబ్బాతు పాటించుచు, తెలుగు మాటలాడుచున్నవి. నిజామాబాదు, జగిత్యాల, నిర్మలు పల్లెల నుండి పోయిన వారెందరో టెల్ అవీవు ఇండ్లలో వృద్ధులకు సేవచేసి, నెల నెల ఇంటికి డబ్బు పంపుచున్నారు. 2023 అక్టోబరు 7 నాటి హమాసు దాడి తరువాత ఇజ్రాయెలు పాలస్తీనీయ కూలీల పర్మిట్లను రద్దుచేయగా ఖాళీయైన నిర్మాణపు పనులకు, 2024లో హైదరాబాదులో సైతము ఎంపికలు జరిగినవి. సైరను మ్రోగగానే భూగృహమునకు పరుగెత్తు జగిత్యాల మనిషికి తమ్ముడో మేనల్లుడో మేడ్చల్ కళాశాలలో చదువుచుండుట అసంభవమా?

ఇంకను దగ్గరి బంధమొకటి కలదు. 2018 డిసెంబరులో హైదరాబాదు దక్షిణపు అంచున అదానీ, ఎల్బిట్ సంస్థలు కలిసి నెలకొల్పిన కర్మాగారము, ఇజ్రాయెలు సైన్యము వాడు హెర్మిస్ 900 డ్రోనుల దేహభాగములను తయారుచేయుచున్నది. ఉత్తరపు అంచున, జవహర్‌నగరు బిట్స్ ప్రాంగణములో, ఇద్దరు విద్యార్థులు హాస్టలు గదిలో మొదలుపెట్టి డ్రోనులు నిర్మించి, భారత సైన్యమునకు అమ్మి, 2025లో వార్తల కెక్కిరి. వారి తెలివిని మెచ్చుకొనవలసినదే. దేశరక్షణకు పనికివచ్చు పనిముట్టును చేయుట తప్పనువాడను గాను. కాని డ్రోనును చేయనేర్చిన ప్రాంగణములో, ఆ డ్రోను ఎవరి మీద ఎగురుచున్నదో, ఎగురవచ్చునో చర్చింపగూడదనుట ఎక్కడి చదువు? రెక్కల కొలతలను లెక్కగట్టువానికే ఆ ప్రశ్న అందరికంటె ముందు పట్టవలెను.

ఇక న్యాయవిద్యార్థి సంగతి. జాతిసంహారమును నిషేధించు 1948 నాటి ఒడంబడికను భారతదేశము 1959లో ధ్రువీకరించినది గాని, దానిని అమలుపరుచు ప్రత్యేక చట్టమును నేటివరకును చేసికొనలేదు. ఆ ఒడంబడిక క్రిందనే దక్షిణాఫ్రికా తెచ్చిన వ్యాజ్యములో అంతర్జాతీయ న్యాయస్థానము 2024 జనవరి 26న తాత్కాలిక ఉత్తర్వులనిచ్చినప్పుడు, మన దేశమునకు చెందిన న్యాయమూర్తి దల్వీర్ భండారీ అధికసంఖ్యాకులతో కలిసి ఓటు వేసిరి. ఇజ్రాయెలుకు ఆయుధముల ఎగుమతిని ఆపవలెనని కొందరు పౌరులు వేసిన పిటిషనును సుప్రీంకోర్టు 2024 సెప్టెంబరులో, విదేశాంగ విధానము ప్రభుత్వపు పరిధిలోనిదని చెప్పి కొట్టివేసినది. చట్టము చేసికొనని ఒడంబడికకు మన కోర్టులలో విలువ యెంత, విదేశాంగ విధానము కోర్టు చేతికి అందని పండా? ఇంతకంటె చక్కని పరీక్షాప్రశ్నను ఏ ఆచార్యుడు తయారుచేయగలడు? ఈ పాఠమును చెప్పుచు, దీనిపై విద్యార్థి ఏమి నమ్ముచున్నాడో మాత్రము చెప్పరాదనుట, ఈత నేర్పి నీటిలో దిగరాదనుట వంటిది.

ఇంతవరకు అధికారులను అంటిని. నినాదము చేయువారిని విడుచుట న్యాయము గాదు. మన తర్కశాస్త్రకారులు పూర్వపక్షమును, ఎదుటివాడు తానుగా చెప్పుకొనినదానికంటె బలముగా నిలిపి, ఆ పిమ్మటనే దానిని ఖండించుట మర్యాదగా పెట్టుకొనిరి. నేటి సంఘీభావ సభలలో ఆ మర్యాద కొరవడుచున్నది. గాజాలో మృతులు 60,000 దాటిరని చెప్పు యువకుడు, అక్టోబరు 7న హమాసు చంపిన సుమారు 1,200 మందిని, పట్టుకొనిపోయిన రెండువందల యేబదిమందిని గూర్చి అడిగినచో మొగము త్రిప్పుకొనుట నాకు నచ్చదు; అది మరచుట పొరబాటున జరుగదు. అమెరికా ప్రాంగణముల నినాదములను అక్షరమక్షరము దించుకొని పలుకుటలో ధైర్యమున్నది గాని అధ్యయనము లేదు. అవతలి పక్షమువారి చదువు ఇంతకంటె తీసికట్టు. పాలస్తీనా పేరెత్తినవాడు దేశద్రోహి యనువారు, ఈ దేశపు ప్రభుత్వమే 2023 డిసెంబరులో కాల్పుల విరమణకును, 2025 సెప్టెంబరులో రెండు రాజ్యముల పరిష్కారమును సమర్థించు న్యూయార్క్ ప్రకటనకును ఐక్యరాజ్యసమితిలో అనుకూలముగా ఓటు వేసినదని ఎరుగుదురా? నడుమ నడుమ తటస్థముగా ఉండిపోయిన ఓట్లును కలవు. ప్రభుత్వమే ఇంత తర్జనభర్జన పడిన విషయమును, పద్దెనిమిదేండ్ల పిల్లవాడు అటో ఇటో తేల్చుకొనజూచుట నేరమెట్లగును?

మేడ్చల్ వైపు కళాశాలలలోని మౌనమునకు వేరొక కారణమున్నది, అది అమెరికా వీసా. 2023–24లో అమెరికాలో చదువుచున్న భారతీయులు 3,31,602 మంది. అందులో తెలుగువారి పాలు తక్కువ కాదని నానక్‌రామ్‌గూడ కాన్సులేటు ముందరి వరుసను, చిలుకూరు బాలాజీ చుట్టు తిరుగు ప్రదక్షిణలను చూచిన యెవరికైనను తెలియును. 2025 జూనులో విద్యార్థి వీసాకు దరఖాస్తు చేయువారందరు తమ సోషల్ మీడియా ఖాతాలను బహిరంగపరచవలెనని ఆ దేశము ఆదేశించిన నాటినుండి, మూడవ సంవత్సరపు విద్యార్థి ఒక లైకు కొట్టుటకును జంకుచున్నాడు. రెండెకరములు తాకట్టుపెట్టి కొడుకును చదివించు తండ్రి, నోరు మూసికొని చదువుకోరా నాయనా అనినచో, ఆయనను తప్పుపట్టుటకు నాకు నోరు రాదు. ఇంటిపేరును బట్టి మనవారని తోచు మేఘా వేమూరి, 2025 మే 29న ఎంఐటీ స్నాతకోత్సవ వేదిక మీద తరగతి అధ్యక్షురాలిగా నిలిచి, ఇజ్రాయెలు సైన్యముతో ఆ సంస్థకున్న పరిశోధన సంబంధములను నిరసించినందుకు, మరునాటి పట్టప్రదానమునకు రానీయబడలేదు. ఆ వీడియో మన ఇండ్లలో ఫోనుల నుండి ఫోనులకు పోయినది. కొందరు గర్వించిరి, తక్కినవారు పిల్లలకు హెచ్చరికగా చూపిరి. పైపెచ్చు ఉమ్మడి రాష్ట్రములో 1980ల చివర నిలిచిపోయిన విద్యార్థి సంఘపు ఎన్నికలు, కేంద్రీయ విశ్వవిద్యాలయములలో తప్ప, మరల మొదలుకాలేదు. విద్యార్థి పక్షమున యాజమాన్యముతో మాటలాడుటకు ఎన్నికైన మనిషియే లేనిచోట ఒంటరిగా నోరెత్తువాడెవడు?

విశ్వవిద్యాలయము తానుగా ఒక పక్షమును వహింపవలెనని నేను కోరను, వహింపకుండుటయే మేలు. అది చేయవలసినది వేరు. సభకు హాలు ఇచ్చునప్పుడు ప్రసంగపాఠమును ముందుగా చూపుమనరాదు. సభను చెడగొట్టుటకు వచ్చినవాని మీద చర్య తీసికొనవలెను గాని, శాంతిభంగమను మిషతో సభనే రద్దుచేయరాదు. ఎదుటి పక్షమువాడు మరునాడు అదే హాలు కావలెననినచో అదే షరతులతో ఇవ్వవలెను. మూట్ కోర్టు ముగిసిన వెనుక ఒక గంట మిగిల్చి, నల్లకోట్లు విప్పిన ఆ విద్యార్థులచేతనే, ఎదుటివాని వాదమును వాడు అవునని తల యూపునంతవరకు ముందు చెప్పించి, ఆ పిమ్మట తమ తమ నిజమైన అభిప్రాయములను పేరుపెట్టి పలికింపవలెను. శామీర్‌పేట న్యాయవిద్యార్థులును, జవహర్‌నగరు ఇంజనీరింగు విద్యార్థులును పొరుగువారే గదా; ఒక శనివారము కలిసి కూర్చుండుటకు బస్సు ఖర్చు తప్ప మరేమియు కాదు. మొదటి సభకు విషయము సిద్ధముగనే యున్నది: హైదరాబాదులో తయారైన డ్రోను భాగములను, యుద్ధము సాగుచున్నంతకాలము, ఇజ్రాయెలుకు ఎగుమతి చేయవచ్చునా? దీనికి మాత్రము చీటీ తీయవలదు.