ముందు ఓటు, తరువాత లెక్క

సంతలో సరుకు చూడకుండా ఎవరూ బేరం కుదుర్చుకోరు. 2025 ఏప్రిల్‌లో జరిగిన కెనడా పార్లమెంటు ఎన్నికల్లో ఓటర్లు మాత్రం సరుకు చూడకముందే సొమ్ము చెల్లించవలసి వచ్చింది. ఏప్రిల్ 18 నుంచి 21 వరకు సాగిన ముందస్తు పోలింగులో 73 లక్షల మంది ఓటు వేశారు. ఆ దేశ చరిత్రలో అది రికార్డు. అధికార లిబరల్ పార్టీ తన వాగ్దానాలకయ్యే ఖర్చుల పద్దును ఆ పోలింగు రెండో రోజున బయటపెట్టింది. ప్రధాన ప్రతిపక్షమైన కన్సర్వేటివ్ పార్టీ పద్దు పోలింగు ముగిసిన మర్నాడు, అంటే ఏప్రిల్ 22న గానీ వెలువడలేదు. మొత్తం పోలైన ఓట్లలో మూడో వంతుకు పైగా పెట్టెల్లోకి చేరిన తరువాత, దేశాన్ని ఏలగోరిన పార్టీ ఆదాయ వ్యయాలు ప్రజలకు తెలిశాయన్నమాట.

ఈ జాప్యం యాదృచ్ఛికమని సరిపెట్టుకోవడం కష్టం. ఆ ఎన్నికల ప్రచారం పొడవునా నాయకులు అనుసరించిన పోకడకు ఇది పరాకాష్ఠ మాత్రమే.

ట్రంప్ చలవ

2025 జనవరి ఆరంభంలో కన్సర్వేటివ్ నాయకుడు పియెర్ పొలియెవ్ విజయం ఖాయమని పరిశీలకులు తీర్మానించారు. ప్రజాభిప్రాయ సేకరణల్లో ఆయన పార్టీ 20 శాతానికి పైగా ఆధిక్యంలో ఉంది. అంతలో రెండు పరిణామాలు చోటుచేసుకున్నాయి. ప్రధాని జస్టిన్ ట్రూడో జనవరి 6న రాజీనామా ప్రకటించారు. అమెరికా అధ్యక్షుడు డొనాల్డ్ ట్రంప్ ఒకవైపు సుంకాల కొరడా ఝుళిపిస్తూ, మరోవైపు కెనడా తమ 51వ రాష్ట్రం కావాలని పదే పదే అనసాగారు. ధరలు, ఇళ్ల కొరత, లిబరల్ పార్టీ దశాబ్ద పాలన వంటి అంశాలన్నీ వెనక్కి వెళ్లాయి. ట్రంప్‌ను ఎవరు ఎదుర్కోగలరన్న ఒక్క ప్రశ్న మిగిలింది.

కెనడా, బ్రిటన్ కేంద్ర బ్యాంకులకు గవర్నరుగా పనిచేసిన మార్క్ కార్నీ మార్చి 14న ప్రధాని పదవి చేపట్టారు. అంతవరకు ఆయన ఏ ఎన్నికల్లోనూ పోటీ చేసినవారు కారు. తొలిరోజే ఆయన వినియోగదారులపై విధిస్తున్న కార్బన్ పన్నును సున్నా చేస్తూ సంతకం చేశారు. ఆ పన్ను రద్దు రెండేళ్లకు పైగా పొలియెవ్ నినాదం. ఐక్యరాజ్య సమితికి వాతావరణ నిధుల రాయబారిగా వ్యవహరించిన వ్యక్తి, ప్రత్యర్థి చేతిలోని ఆయుధాన్ని లాక్కోవడం కోసం సొంత పార్టీ విధానాన్ని ఒక్క కలంపోటుతో పక్కన పెట్టారు. తొమ్మిది రోజులకే ఎన్నికలు ప్రకటించారు. ఇది చాతుర్యమే కావచ్చు. నిన్నటి దాకా పుడమి రక్షణకు అనివార్యమని చెప్పిన పన్ను ఇవాళ ఎందుకు అక్కరలేకపోయిందో మాత్రం ఓటర్లకు తృప్తికరమైన సమాధానం దొరకలేదు.

అడగరాని ప్రశ్నలు

కార్నీ రాజకీయాల్లోకి రాకముందు బ్రూక్‌ఫీల్డ్ అనే భారీ పెట్టుబడుల సంస్థకు అధ్యక్షుడు. తన ఆస్తులను ధర్మకర్తల నిర్వహణకు అప్పగించానని చెప్పిన ఆయన, అవి ఏమిటో చెప్పడానికి ససేమిరా అన్నారు. అడిగిన విలేఖరులపై విసుక్కున్నారు. చట్టం ఆయనకు గడువు ఇచ్చిన మాట నిజమే. కాని ఎన్నికలు ముగిసిన తరువాత, జులైలో వెలువడిన వివరాలను బట్టి, ఆయన దూరంగా ఉండవలసిన కంపెనీల సంఖ్య వందకు పైనే అని తేలింది. ఓటు వేసే ముందు తెలియవలసిన సంగతి ఓటు వేశాక తెలిసింది.

మార్చి 28న ట్రంప్‌తో ఫోనులో మాట్లాడిన కార్నీ, అమెరికా అధ్యక్షుడు కెనడా సార్వభౌమత్వాన్ని గౌరవించారని ప్రకటించారు. 51వ రాష్ట్రం ప్రస్తావన ఆ సంభాషణలోనూ వచ్చిందని పోలింగుకు నాలుగు రోజుల ముందు పత్రికలు బయటపెడితే గాని ఆయన అంగీకరించలేదు. ట్రంప్‌ను ఎదిరించడమే తన యోగ్యతగా చెప్పుకున్న నాయకుడు, ట్రంప్ ఏమన్నాడో దాచిపెట్టడం విడ్డూరం.

ప్రత్యర్థి పొలియెవ్ తీరు ఇంతకంటే మెరుగ్గా లేదు. ఆయన పార్టీ తన ప్రచార విమానంలో విలేఖరులకు చోటివ్వలేదు. పత్రికా సమావేశాల్లో ప్రశ్నల సంఖ్యకు పరిమితి విధించింది. విదేశీ జోక్యంపై రహస్య నివేదికలు చూసేందుకు అవసరమైన భద్రతా అనుమతిని ఇతర ప్రధాన పార్టీల నాయకులు తీసుకోగా, తీసుకుంటే తన నోరు కట్టివేస్తారంటూ పొలియెవ్ నిరాకరించారు. తెలుసుకుంటే మాట్లాడలేను కాబట్టి తెలుసుకోనన్న ఈ వాదన ప్రధాని పదవి కోరే వ్యక్తికి శోభనివ్వదు.

అభ్యర్థుల విషయంలోనూ నాయకుల నీతి గాలివాటంగానే నడిచింది. హాంకాంగ్ అధికారులు తలకు వెల కట్టిన ఒక కన్సర్వేటివ్ అభ్యర్థిని చైనా దౌత్య కార్యాలయానికి అప్పగిస్తే ఆ బహుమతి పొందవచ్చని లిబరల్ సభ్యుడు పాల్ చియాంగ్ అన్న మాటలు వెలుగులోకి వచ్చాయి. కార్నీ ఆయనను వెనకేసుకొచ్చారు. చివరికి చియాంగ్ తనంత తానే తప్పుకున్నారు. కర్ణాటకలో పుట్టిన లిబరల్ సభ్యుడు చంద్ర ఆర్యకు మాత్రం నెపియన్ స్థానంలో అభ్యర్థిత్వం రద్దయింది. కారణమేమిటో పార్టీ బహిరంగంగా వివరించలేదు. రెండు రోజులకే ఆ స్థానం నుంచి కార్నీ పోటీ చేస్తారని ప్రకటించారు. కన్సర్వేటివ్‌ల సమావేశంలో వారిని అప్రతిష్ఠ పాలు చేసే బ్యాడ్జీలను లిబరల్ సిబ్బందే గుట్టుగా జారవిడిచినట్లు కూడా బయటపడింది. ఆ సిబ్బందిని వేరే పనులకు మార్చి చేతులు దులుపుకున్నారు.

చిన్న పార్టీల నాయకులు సైతం మినహాయింపు కారు. న్యూ డెమోక్రటిక్ పార్టీ అధినేత జగ్మీత్ సింగ్ 2024 సెప్టెంబరులో ట్రూడోతో ఒప్పందాన్ని ఆర్భాటంగా రద్దు చేసుకుని కూడా ఆ ప్రభుత్వాన్ని నెలల తరబడి నిలబెట్టారు. కెనడా ఒక కృత్రిమ దేశమని పోలింగుకు కొద్ది రోజుల ముందు బ్లాక్ క్వెబెక్వా నాయకుడు బ్లాంషే సెలవిచ్చారు. ఆ దేశపు పార్లమెంటులోనే సీట్ల కోసం ఆయన అప్పుడు ఓట్లు అడిగారు.

తీర్పు, తరువాత

ఏప్రిల్ 28న ఓటర్లు ఎవరికీ పూర్తి పెత్తనం ఇవ్వలేదు. 343 స్థానాల్లో లిబరల్‌లకు 169, కన్సర్వేటివ్‌లకు 144 దక్కాయి. మెజారిటీకి కార్నీ మూడు సీట్ల దూరంలో ఆగిపోయారు. 41 శాతానికి పైగా ఓట్లు రాబట్టిన పొలియెవ్, 2004 నుంచి పార్లమెంటులో ఉండి కూడా సొంత నియోజకవర్గంలో ఓడిపోయి, ఆగస్టులో ఉప ఎన్నిక ద్వారా సభకు రావలసి వచ్చింది. ఏడు సీట్లకు దిగజారిన పార్టీ నాయకత్వం నుంచి, తానూ ఓడిన జగ్మీత్ సింగ్ వైదొలిగారు.

అసలు లెక్క ఆ తరువాత మొదలైంది. 2025-26లో లోటు 6,230 కోట్ల డాలర్లు ఉంటుందని లిబరల్ ప్రణాళిక చెప్పింది. అమెరికా సరుకులపై విధించే ప్రతీకార సుంకాల ద్వారా 2,000 కోట్ల డాలర్లు సమకూరుతాయని అందులో లెక్కగట్టారు. గెలిచిన రెండు నెలలకే, ట్రంప్ చర్చలు నిలిపివేస్తున్నట్లు ప్రకటించగానే, డిజిటల్ సేవల పన్నును కార్నీ ఉపసంహరించుకున్నారు. సెప్టెంబరు 1 నుంచి ప్రతీకార సుంకాల్లో అధిక భాగాన్ని ఎత్తివేశారు. నవంబరు 4న ప్రవేశపెట్టిన బడ్జెట్లో లోటు 7,830 కోట్ల డాలర్లుగా తేలింది. పరిస్థితులు మారాయన్న వాదనలో కొంత నిజం లేకపోలేదు. కాని ప్రతీకార సుంకం సాధారణంగా బేరసారాల్లో వదులుకునేందుకు విధించేదే. దానిని స్థిరమైన రాబడిగా చూపడం ఏరు దాటాక తెప్ప తగలేయడానికి ముందే సిద్ధపడటం వంటిది. కన్సర్వేటివ్ పద్దు కూడా ఇంకా సాధించని ఆర్థికాభివృద్ధి నుంచి రాబోయే ఆదాయాన్ని ముందుగానే జమ వేసుకుంది.

ఈ లెక్కల గారడీలో తెలుగువారి సంగతి కూడా ఉంది. 2024 జనవరిలో విదేశీ విద్యార్థుల అనుమతులపై కెనడా పరిమితి విధించినప్పటి నుంచి, తెలుగు రాష్ట్రాల్లో అప్పు చేసి పిల్లలను పంపిన కుటుంబాలు ఆందోళనలో పడ్డాయి. ప్రచారంలో రెండు ప్రధాన పార్టీలూ వలసలు తగ్గిస్తామని పోటీలు పడ్డాయి. తాత్కాలిక నివాసులను 2027 చివరికి జనాభాలో ఐదు శాతం లోపునకు తెస్తామని లిబరల్‌లు వాగ్దానం చేశారు. ఆ విద్యార్థుల ఫీజులతో నడిచిన కళాశాలల భవిష్యత్తు ఏమిటన్నది ప్రచార వేదికలపై ప్రధానాంశం కాలేదు. ఓటు లేనివారిపై మాట తూలడం ఏ దేశంలోనైనా చవకే.

కెనడాను వేలెత్తి చూపేటప్పుడు మన ఇల్లూ గుర్తుంచుకోవాలి. 2014లో భారతీయ జనతా పార్టీ ఎన్నికల ప్రణాళిక తొలి దశ పోలింగు జరుగుతున్న ఏప్రిల్ 7నే విడుదలైంది. 2019లో ఎన్నికల సంఘం నియమావళిని సవరించి, పోలింగుకు ముందు 48 గంటల నిషేధ కాలంలో ప్రణాళికలు విడుదల చేయరాదని పేర్కొంది. రెండు రోజుల ముందు వచ్చే ప్రణాళికను చదివి తర్కించే తీరిక ఎందరికి ఉంటుందన్నది వేరే ప్రశ్న. ముందస్తు పోలింగు తొలిరోజుకు ముందే ఖర్చుల పద్దు ప్రకటించాలన్న నిబంధన ఉంటే కెనడా ఓటరుకు కనీసం ఎంచుకునే అవకాశం దక్కేది.

పొరుగు దేశం బెదిరించినప్పుడు జనం ఒక్కటి కావడం సహజం, అభిలషణీయం కూడా. ఆ ఐక్యతను అడ్డం పెట్టుకుని నాయకులు జవాబుదారీని వాయిదా వేయడమే అభ్యంతరకరం. ట్రంప్ భయం కార్నీకి ఓట్లు తెచ్చింది, పొలియెవ్‌కు సాకు మిగిల్చింది. దాచిన లెక్కల భారం మాత్రం చివరికి పన్ను కట్టే పౌరుడి మీదనే పడింది.