లాటిను పాఠము, సంస్కృత పాఠము

ఐరోపాఖండమున తరతరములుగా ఉన్నత పాఠశాలల బాలురు లాటిను విభక్తులను కంఠస్థము చేసి, ఆ శ్రమకు ఫలముగా వర్జిలు కావ్యమును, సిసిరో ప్రసంగములను మూలమునందే ఆస్వాదించెడివారు. మన నల్లచెరువు వంటి గ్రామములందు ఆ స్థానము సంస్కృతమునకు చెందదగినది. ఈ రెండు భాషల చుట్టరికము మనకు పరాయి వార్త కాదు: తెలుగునాట పనిచేసి, మన భాషకు నిఘంటువు కూర్చిన ఫ్రెంచి జెస్యూట్ పాదిరి కేర్డూ, సర్ విలియం జోన్స్ 1786లో కలకత్తాలో గావించిన సుప్రసిద్ధ ప్రసంగమునకు సుమారు ఇరువదేండ్లకు ముందే, 1767లో, ఈ సామ్యమును పారిసు పండితులకు వ్రాసి పంపెను. 'అగ్ని'కి 'ఇగ్నిస్', 'నవ'కు 'నోవుస్' తోబుట్టువులని తెలిసిన బాలునికి వ్యాకరణము భారము గాక వినోదమగును.

అయిననేమి? నేడు ఇంటర్మీడియట్ విద్యార్థులలో పెక్కురు సంస్కృతమును మార్కులకొరకే స్వీకరించి, తెలుగులోనో ఇంగ్లీషులోనో జవాబులు వ్రాసి, ఒక్క శ్లోకమైనను రుచి చూడక వెడలిపోవుచున్నారు. ఇది విద్య కాదు, బేరము.

ఈ రుచి చూపుటకు తగిన పాఠము మన చేరువనే యున్నది: పెనుకొండనుండి పాలించిన ఆరవీటి రాజుల తామ్రశాసనములు పెక్కు సంస్కృత శ్లోకబద్ధములు. వానిలో నాలుగింటిని ఉన్నత పాఠశాలలోనే చదివింపుడు. అయితే తెలుగును తోసివేసి కాదు, తెలుగు తోడుగా మాత్రమే. సంస్కృతాడంబరము లేకయే మహాకవిత్వము పుట్టునని చాటిన వేమన సమాధి మన పొరుగున కటారుపల్లిలోనే యున్నదని మరువరాదు.