మైండ్‌సెట్ కాదు, మడిగె ఎవరిది?

యూనివర్సిటీ సెమినార్లలో అరిగిపోయిన మాట ఒకటి ఉంది. "దళిత విద్యార్థులకు సర్కారు కొలువు తప్ప ఇంకో ధ్యాస లేదు. రిస్కు తీసుకోరు. మైండ్‌సెట్ మారాలి."

రిస్కు తెలియనిది ఎవరికి? మహబూబ్‌నగర్‌లోని పాలమూరు యూనివర్సిటీకి, నల్లగొండలోని మహాత్మాగాంధీ యూనివర్సిటీకి వచ్చే మన పిల్లల్లో ఎందరివో వలస కుటుంబాలు. ఇంటికి తాళం వేసి, బొంబాయిలో మట్టిపనికి పోయిన తల్లిదండ్రులకంటే రిస్కు తీసుకున్నవాళ్లు ఎవరు?

విద్యార్థి సొంత వ్యాపారం పెట్టాలనుకుంటాడా లేదా అని కొలిచే సర్వేలు చాలావరకు ఐజెక్ ఐజెన్ 1991లో రాసిన సిద్ధాంతం మీద నడుస్తాయి. అందులో చూసేవి మూడు. ఆ పని నీకు మంచిదనిపిస్తుందా? నీవాళ్లు ఏమంటారు? అది నీ చేతనవుతుందా? సిద్ధాంతంతో నాకు పేచీ లేదు. ఆ మూడో ప్రశ్నను 'ఆత్మవిశ్వాసం' అని కుదించి, లోపమంతా మన పిల్లల మీద వేయడంతోనే పేచీ. బస్టాండు దగ్గర మడిగె ఎవరిది? కిరాయికి ఇచ్చే ముందు ఇంటిపేరు ఎందుకు అడుగుతారు? షూరిటీ సంతకం పెట్టే మేనమామకు పట్టా భూమి ఎంత? మనవాళ్లు టిఫిన్ సెంటర్ పెడితే ఊరంతా వచ్చి తింటుందా? ఇవి అడగని సర్వే ఎవరి చేతకానితనాన్ని కొలుస్తోంది?

బాబాసాహెబ్ సంగతే చూడండి. కొలంబియాలో ఆర్థికశాస్త్రం చదివివచ్చి, బొంబాయిలో పెట్టుబడుల సలహా వ్యాపారం మొదలుపెట్టారు. సలహా చెప్పేది అంటరానివాడని తెలిశాక ఖాతాదారులు రావడం మానేశారు. వ్యాపారం మూతపడింది. ఆయనకు ఏ మైండ్‌సెట్ తక్కువైంది?

మనకు వ్యాపారం కొత్త అనేది ఇంకో అబద్ధం. కరెంటు మోటార్లు రాకముందు ఈ మెట్ట నేలల్లో బావి నీళ్లు తోడింది మాదిగలు కుట్టిన తోలు బొక్కెన. తోలు ఊనడం, కోయడం, కుట్టడం అన్నీ తెలిసిన చేతులవి. కానీ ధర చెప్పే హక్కు లేదు. కళ్లంలో కొలిచి పోసిన గింజలే కూలి. పనితనం మనది, బేరం వాళ్లది.

మరి పథకాలు? 2016 ఏప్రిల్ 5న మొదలైన స్టాండప్ ఇండియా, ప్రతి బ్యాంకు శాఖ కనీసం ఒక ఎస్సీ లేదా ఎస్టీకి 10 లక్షల నుంచి కోటి దాకా అప్పు ఇవ్వాలంది. తాకట్టు అడగాలా, గ్యారంటీ నిధితో సరిపెట్టాలా అన్నది మాత్రం బ్యాంకుకే వదిలింది. 2021లో వచ్చిన దళితబంధు, తిరిగి కట్టక్కర్లేని 10 లక్షలు అంది. షూరిటీ లేదు, తాకట్టు లేదు. ఆ ఆలోచన సరైనదే. కానీ ఎంపిక ఎమ్మెల్యేల చుట్టూ తిరిగింది. హక్కు కావాల్సింది దయ అయింది.

అందుకే కొలువు కోరుకోవడం పిరికితనం కాదు. సర్కారు కొలువులో రిజర్వేషన్‌కు రాజ్యాంగం అండ ఉంది. కొట్టుకు వచ్చే గిరాకీకి ఏ అండా లేదు. మన పిల్లలు లెక్క తెలిసే ఎంచుకుంటున్నారు.

విద్యార్థి మిత్రులకు ఒక పని. మీ మండలంలోని ప్రభుత్వ బ్యాంకు శాఖలను సమాచార హక్కు కింద అడగండి: స్టాండప్ ఇండియాలో ఎందరు ఎస్సీలకు అప్పు ఇచ్చారు, ఎందరిని తాకట్టు అడిగారు, ఎన్ని దరఖాస్తులు తిప్పి పంపారు? పీహెచ్‌డీ చేసేవాళ్లకు ఇంతకంటే మంచి టాపిక్ లేదు. మన మనసులను కొలిచింది చాలు, ఇక వాళ్ల లెడ్జర్లు కొలుద్దాం.

జై భీమ్.